చక్కెర పుర్రె మీది పేరు

సౌసెదా,
27 అక్టోబర్ 1987, మంగళవారం.

చిన్నీ,

మీ అమ్మ నిన్నూ, నీ ఒళ్ళోని పసిదాన్నీ, అల్లుడు రామిరోనీ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, నల్లమేకా, మూడు కోళ్ళూ, నా కుడి మోకాలి నొప్పీ, అందరం క్షేమం. అక్కడ తంపికోలో మీరంతా బాగున్నారని తలుస్తాను. క్షేమం అని రాశానే గాని, ఆదివారం నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి మీద బీన్స్ పెట్టి మేక దగ్గరికి పోతాను, మేక దగ్గరికి ఎందుకొచ్చానో గుర్తురాక మళ్ళీ పొయ్యి దగ్గరికి వస్తాను. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు లేచాను. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను తిట్టకు. ఈ వంటింట్లో, ఇదే బల్ల మీద నాకు రాయడం నేర్పింది నువ్వే.

నీ ఉత్తరం పోయిన గురువారం తపాలా లారీలో వచ్చింది. అక్టోబర్ పధ్నాలుగున పాప పుట్టిందని చదివి వీధిలోకి పరుగెత్తాను. చెప్పుకోవడానికి ఎవరూ కనబడకపోతే మేకతో చెప్పాను. మూడు కిలోల రెండువందలు! నువ్వు అందులో సగం కూడా లేవు తెలుసా. నొప్పులు ఎక్కువైనప్పుడు వార్డులో ముసలి ఆయా నీ చెయ్యి పట్టుకుని, "సాంతా లిబ్రాదా తల్లీ అని పిలవవే, ఆవిడే బయట పడేస్తుంది" అన్నదనీ, నువ్వు వందసార్లయినా ఆ పేరు పిలిచావనీ రాశావు. ఆ ముక్క దగ్గర నేను గడప మీద చతికిలబడిపోయాను. ఎందుకో ఈ ఉత్తరంలోనే చెబుతాను. చెప్పగలనని అనుకుంటున్నాను.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు.

పాలు చాలడం లేదని దిగులు పడకు. పల్చటి మొక్కజొన్న జావలో బెల్లం, నువ్వులు వేసుకుని పొద్దునా సాయంత్రం వేడిగా తాగు. చల్లనీళ్ళ జోలికి పోకు. మీ అత్తగారు ఒబ్దూలియా గారు బీరు తాగితే పాలు పడతాయన్నారని రాశావు. మా వైపూ ఆ మాట ఉంది. ఒక్క గ్లాసు చాలు. ఆవిడ తోడు తాగుతానంటే మాత్రం అసలొద్దు.

ఆవిడే నిన్ను పక్కింటివాళ్ళ ముందు "ముప్ఫై ఒకటో ఏట తొలిచూలు, ముసలి కోడి పెట్టిన మొదటి గుడ్డు" అన్నారట. నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి బదులు చెప్పడానికి నా దగ్గర గట్టి మాట ఒకటుంది. అదీ చివర్లోనే.

ఇక అసలు సంగతి. మీరు ఆఫీసులో సంతకాలు పెట్టి కాపురం మొదలుపెట్టిన ఈ అయిదేళ్ళూ "చర్చిలో పెళ్ళెప్పుడు?" అని నిన్ను నేను సాధించని ఉత్తరం లేదు. ఇప్పుడు నువ్వు నవంబర్ ఎనిమిదో తేదీ ఆదివారం పెళ్ళీ, పాప జ్ఞానస్నానం ఒకేసారి అని రాశావు. అక్కడి ఫాదర్ నీ సొంత జ్ఞానస్నానం కాగితం అడుగుతున్నాడనీ, మన చర్చిలో రాయించి పంపమనీ రాశావు. తొలి కూతురికి తల్లి పేరే పెట్టడం మీ అత్తవారి ఆనవాయితీ కాబట్టి పాపకి పెర్పెతువా అనే ఖాయం చేశామని కూడా రాశావు.

చిన్నీ, నిజం చెప్పనా? అన్నేళ్ళు నిన్ను సాధించానే, నువ్వు వాయిదా వేసినప్పుడల్లా లోపల నాకు ఊపిరి తిరిగొచ్చేది. ఎందుకంటే ఏదో ఒకరోజు ఈ కాగితం అడుగుతారని నాకు తెలుసు.

తెచ్చాను. ఆదివారం సాన్ ప్రాస్పెరోలో మన చర్చికి వెళ్ళి రాయించుకొచ్చాను. బల్ల మీద ఉప్పుజాడీ కింద ఉంది. పొద్దున్న కవర్లో పెట్టాను. మధ్యాహ్నం తీశాను. మళ్ళీ పెట్టాను. ఎల్లుండి గురువారం లారీ తప్పితే ఎనిమిదో తేదీకి నీకు అందదు. అందుకే నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పాప నెత్తిన నీళ్ళు పడకముందే ఆ పేరు గురించి నీకొక విషయం తెలియాలి. తెలిశాక నువ్వు నన్ను అమ్మా అని పిలుస్తావో లేదో నాకు తెలియదు.

రామిరో ప్లాట్‌ఫారం మీద కొన్న పేర్ల పుస్తకం గురించి రాశావు. పెర్పెతువా అంటే ఎప్పటికీ నిలిచి ఉండేది, లాటిన్ మాట. మీ నాన్న తిబుర్సియో పేరుకి ఏదో పాతకాలపు ఊరి మనిషి అని అర్థం. నా పేరు గ్రీకుల నుంచి వచ్చిందట, ఎవులాలియా అంటే చక్కగా మాట్లాడేది. అది చదివి రామిరో పొట్ట పట్టుకుని నవ్వాడట. నవ్వనీ. నా నోట్లోంచి మాట ఊడిపడాలంటే గునపం కావాలని మీ నాన్న అనేవాడు.

"అమ్మా, ఇంత మంచి అర్థం చూసి నా పేరు ఎవరు పెట్టారు?" అని అడిగావు. ఇక్కడ అర్థం చూసి ఎవరు పెట్టారమ్మా పేర్లు! వంటింటి గోడకి మేకు, మేకుకి పంచాంగం. బొడ్డుకోసి, చేతులింకా తడిగా ఉండగానే ముసలి కసిల్దా మంత్రసాని అడిగేది, "ఇవాళ ఎవరు?" అని. చదువొచ్చినవాళ్ళు ఎవరో గోడ దగ్గరికి పోయి ఆ తేదీ కింద ఏ పునీతుడుంటే ఆ పేరు చదివేవాళ్ళు. అంతే, బిడ్డకి అదే పేరు. ఒక్కరోజు ముందు పుట్టి ఉంటే నేను ఇంకెవరినో. మన వీధిలోనే చూడు. ప్రుదెన్సియో అంటే వివేకవంతుడని మీ పుస్తకంలో ఉంటుంది. వాడేమో కప్పు మీద కూర్చుని, తాను కూర్చున్న దూలాన్నే కోసుకుని కిందపడ్డాడు. ఫెలీసితాస్ అంటే ఆనందమట. దాని మొహాన నవ్వు నేను నలభై ఏళ్ళలో చూడలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మీ నాన్న నవ్వించడానికి అనేవాడు, "పుట్టే ముందు పిల్లకి పంచాంగం చూపించాలే, నచ్చని రోజైతే లోపలే ఆగుతుంది" అని.

పెర్పెతువా మార్చి ఆరో తేదీ పేరు. నీ కాగితాల్లోనూ మార్చి ఆరే ఉంది. ఇంతవరకూ నువ్వెరిగినదే.

నువ్వు ఇంకొకటి కూడా అడిగావు, అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో. "పాపని ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తుంటే ఒక విషయం గుర్తొచ్చిందమ్మా. నువ్వు నన్ను ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు. చిన్నీ అన్నావు, తల్లీ అన్నావు, కోపమొస్తే ఒసేయ్ అన్నావు. ఉత్తరాల మీద కూడా అడ్రసు రామిరో పేరుతోనే రాస్తావు. ఎందుకు?"

ఎవరో తలుపు కొడుతున్నారు. ఫెలీసితాసే, రుబ్బురాయి అడగడానికి వచ్చి ఉంటుంది. ఇవాళ్టికి ఇక నా వల్ల కాదు.

బుధవారం.

పొద్దున్నే దొడ్లో బంతిపూలన్నీ కోసేశాను. ఎన్ని గంపలో నాకే తెలియదు, చేతులకి ఏదో పని కావాలి. ఆదివారం పోయిన పసిపిల్లలు ఇంటికొచ్చే రోజు, సోమవారం పోయిన పెద్దలు వచ్చే రోజు. వాళ్ళకోసం బల్ల మీద తెల్లబట్ట పరిచి పీట కట్టాను, మీ నాన్న ఫొటో పెట్టాను, ఆయన టోపీ, ఆయన తాగే మట్టి గ్లాసు పెట్టాను. సాంబ్రాణి తీశాను. ఫెలీసితాస్ వచ్చి చూసి, "ఇంకా బుధవారమే కదా, అప్పుడే పీట సర్దేశావేం? నీ మొగుడు తొందరపడి ముందే వస్తాడేమో" అంది. "బతికుండగా ఏ రోజూ వేళకి రాలేదు, ఇప్పుడు ముందొస్తాడా?" అన్నాను. నవ్వలేదు. చెప్పానుగా.

ఆ పీట మీద నీకు జ్ఞాపకమున్న వస్తువు ఒకటుంది. చక్కెర పుర్రె. నుదుటి మీద ఎర్ర కాగితం, దాని మీద తెల్లగా రాసిన పేరు. నీ చిన్నప్పుడంతా ప్రతి ఏడూ ఒకటి ఉండేది.

నువ్వు బళ్ళో చేరిన ఏడు. అక్షరాలు కొత్తగా వచ్చాయి. కనిపించినవన్నీ చదివేదానివి, అగ్గిపెట్టె, సబ్బు, పంచాంగం. ఆ ఏడు పసిపిల్లల రోజు పొద్దున్న పీట ముందు నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, ఆఖరికి ఎగిరి గంతేశావు.

"అమ్మా! నా పేరే! పెర్పెతువా! నాకోసం కొన్నావా?"

నేను చేతిలోని సాంబ్రాణి గిన్నె కింద పెట్టాను. మీ నాన్న నా వైపు చూశాడు. బళ్ళో మిగతా పిల్లలకి వాళ్ళ పేర్లు రాసిన పుర్రెలు కొనిస్తారు, ఒకరి పుర్రె ఒకరు కొరుక్కుంటారు, నీకూ అదే అనిపించింది. నీ తప్పేముంది? మన దగ్గర ఆ చక్కెర పుర్రె బతికున్న పిల్లకీ ఇస్తాం, పోయిన పిల్లకీ పెడతాం. పేరు రాసే చెయ్యి ఒకటే.

"నీకేనే," అన్నాడు మీ నాన్న. "కాని రేపటిదాకా ఆగు. పీట మీదున్నవి అప్పుడే తినకూడదు."

మర్నాడు తిన్నావు. ముందు దవడ, తర్వాత ముక్కు. నుదురు ఆఖరికి దాచుకున్నావు. ఆ ఏడే కాదు, ఈ ఇల్లు వదిలి వెళ్ళేదాకా ప్రతి ఏడూ తిన్నావు. నీ ఎనిమిదో ఏట నుదుటి ముక్క సగం విరిచి నా నోటి దగ్గర పెట్టావు, "నువ్వు కూడా తినమ్మా, నాది నీకూ పెడతాను" అని. తిన్నాను. నమలలేక మింగాను. గొంతులో ఎక్కడో అది ఇంకా ఉంది.

చిన్నీ, ఆ పుర్రె నీది కాదు.

రాసేశాను. ఇక ఆగను.

నీకంటే ముందు మాకొక పిల్ల పుట్టింది. వెయ్యిన్నీ తొమ్మిదివందల యాభై ఆరు, మార్చి ఆరో తేదీ. కసిల్దా "ఇవాళ ఎవరు?" అంది, మీ నాన్న చదివాడు, పెర్పెతువా అని. కళ్ళు పెద్దవి. ఎడమ చెవి కింద గోధుమగింజంత మచ్చ. మీ నాన్న కంచరగాడిద మీద ఏడు గంటలు వెళ్ళి మునిసిపాలిటీ ఆఫీసులో పేరు రాయించుకొచ్చాడు. మొదటి బిడ్డ కదా, సంతకం పెట్టిన ఆ కాగితాన్ని వీధి వీధంతా చూపించాడు. సెప్టెంబరు వానల్లో విరేచనాలు పట్టుకున్నాయి. రెండు పగళ్ళు. ఆరు నెలల పదకొండు రోజులు బతికింది. ఎప్పటికీ నిలిచి ఉండేది అని మీ పుస్తకం అన్నది దాన్నే.

పోయిందని రాయించడానికి మళ్ళీ ఏడు గంటలు మీ నాన్న వెళ్ళలేదు. "పిల్లని మట్టిలో పెట్టొచ్చిన చేతులతో ఆ గుమస్తా ఎదురుగా నిలబడమంటావా? వాడు కలం చెవిలో పెట్టుకుని కారణం ఏమిటి అని అడుగుతాడు. నేనేం చెప్పను?" అన్నాడు. నేనూ వెళ్ళమనలేదు. మా కొండల్లో పసిపిల్లలు పోతే ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. ఆఫీసు పుస్తకంలో అది అలాగే బతికే ఉంది.

నువ్వు తర్వాతి ఏడు జూలై ఇరవైన పుట్టావు. నెలలు నిండకుండానే. నీలంగా, చప్పుడు లేకుండా. కసిల్దా నిన్ను తలకిందులు చేసి కొట్టింది, ఊదింది, మళ్ళీ కొట్టింది. ఇక లాభం లేదనుకుని కుండలో నీళ్ళు చేతిలోకి తీసుకుంది. బిడ్డ పోయేలా ఉంటే ఫాదర్ కోసం ఆగం కదా, ఎవరి చేత్తోనైనా నీళ్ళు పోసి పేరు పెట్టవచ్చు, అదీ జ్ఞానస్నానమే. "ఇవాళ ఎవరు? తొందరగా!" అని అరిచింది. మీ నాన్న గోడ దగ్గర ఏడుస్తూ చదివాడు. ఆ నీళ్ళు నెత్తిన పడగానే నువ్వు కెవ్వుమన్నావు. ఆ ఏడుపు ఫెలీసితాస్ ఇంటిదాకా వినిపించిందట.

లిబ్రాదా. అదీ నీ పేరు. విడుదలైనది అని అర్థమని ఆదివారం చర్చి గుమస్తా చెప్పాడు. వార్డులో నొప్పులు పడుతూ వందసార్లు పిలిచింది నీ పేరునే.

నీళ్ళు ఒకసారి పడితే పేరు మారదు. పండక్కి వచ్చినప్పుడు ఫాదర్ ఆ పేరుతోనే చర్చి పుస్తకంలో రాశాడు. కాని ఇంట్లో నేను ఎవరినీ ఆ పేరుతో పిలవనివ్వలేదు. మొదటిదాన్ని రోజుకి వందసార్లు పేరు పెట్టి పిలిచేదాన్ని, చావుకి పేరు వినపడి వచ్చి తీసుకుపోయిందని నా భయం. నిన్ను చిన్నీ అన్నాను. అందరి చేతా చిన్నీ అనిపించాను.

ఊళ్ళో బడి పెట్టిన ఏడు, టీచరమ్మ ఇంటింటికీ వచ్చి పుట్టిన కాగితాలు అడిగింది. నీకు లేదు. మీ నాన్న పెట్టె తీసి ఆ పాత కాగితం బయటపెట్టాడు.

"ఇది ఉందిగా," అన్నాడు. "ఇప్పుడు కొత్తగా రాయించాలంటే అయిదేళ్ళు ఏం చేశారని అడుగుతారు. ఇదీ మన పిల్లే, అదీ మన పిల్లే. కాగితానికేం తెలుసు?"

నేను ఊ అన్నాను. ఇంతవరకూ చెప్పింది మీ నాన్న తప్పు, నేను ఊ అన్నాను అంతే, అని నువ్వు అనుకోవచ్చు. ఇరవై అయిదేళ్ళు నేనూ అలాగే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే.

బడి మొదలైన రోజున కిటికీ బయట నిలబడ్డాను. టీచరమ్మ హాజరు పిలుస్తోంది. "పెర్పెతువా!" అంది. నువ్వు లేచి నిలబడి, "ఉన్నాను టీచర్!" అన్నావు.

నా పెద్దది పలికింది చిన్నీ. ఉన్నానంది.

మర్నాడూ వెళ్ళాను. ఆ ఏడంతా వెళ్ళాను. నీళ్ళకని బిందె పట్టుకుని బయల్దేరి ఆ కిటికీ దగ్గర ఆగేదాన్ని. నువ్వు ఉన్నానన్నాకే బావి దారి పట్టేదాన్ని. ఒకరోజు మీ నాన్న మనసు మార్చుకుని, "పోనీ ఆఫీసుకి వెళ్ళి సరిచేయిద్దామా, పిల్ల పెద్దదవుతోంది" అన్నాడు. వద్దన్నది నేను. నేనే. నీ నోటితో అది బతకాలనుకున్నాను. నీ నోట దాని పేరు పలికించుకున్నాను, నీ పేరు మాత్రం నీకు ఇవ్వలేదు.

అందుకే నా అంతట నేను ఆ పేరుతో నిన్ను పిలవలేకపోయాను. పిలిస్తే తలతిప్పి చూసేది నువ్వు. నేను పిలిచేది దాన్ని. అంత మోసం నా నాలుకతో చేయలేకపోయాను, మిగతా మోసమంతా చేసినదాన్ని.

ఇంకా ఉంది, ఇదీ విను. బళ్ళో నువ్వు వరసలో ఆఖరు. అందరికంటే పొట్టి. లెక్కలు రావడం లేదని టీచరమ్మ, "ఆరేళ్ళు దాటాయి, అయిదేళ్ళ పిల్లలా వేళ్ళు లెక్కపెడుతుంది, దీని బుర్ర మందం" అంది. నువ్వు ఇంటికొచ్చి మేక మెడ పట్టుకుని ఏడ్చావు. "అమ్మా, నాది మందం బుర్రా?" అని అడిగావు. నేను "పోవే, మేకకి నీళ్ళు పెట్టు" అన్నాను. నీకప్పుడు అయిదేళ్ళు చిన్నీ. అయిదేళ్ళ పిల్లలా లెక్కపెట్టావంటే అయిదేళ్ళ పిల్లవి కాబట్టే. నీ బుర్ర ఏనాడూ మందం కాదు. అది తెలిసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కదాన్నే ఉండి కూడా నోరు విప్పలేదు. చక్కగా మాట్లాడేదట!

మీ అత్తగారికి చెప్పు, కోడిపెట్టకి ముప్ఫై ఒకటి కాదు, మొన్న జూలైలోనే ముప్ఫై నిండాయి అని. పదహారు నెలలు చిన్నదానివి. నీకు నేనిచ్చే కానుక ఇదొక్కటే.

గురువారం పొద్దున.

లారీ పదింటికి వస్తుంది. మిగిలింది తొందరగా రాస్తాను.

ఆదివారం చర్చిలో గుమస్తా మకారియో పాత పుస్తకం తెరిచి వేలు పెట్టి చదువుతూ ఆగాడు.

"ఏవమ్మా ఎవులాలియా, తిబుర్సియో కూతుళ్ళు ఇద్దరున్నారే ఇందులో? యాభై ఆరులో ఒకతి, యాభై ఏడులో ఒకతి. ఏది కావాలి?"

"మొదటిది," అన్నాను. గుక్క తిప్పుకోకుండా అన్నాను. ఆయన రాసిచ్చాడు, ముద్ర కొట్టాడు. అది పంపితే అన్నీ సరిపోతాయి. ఆఫీసు కాగితం, చర్చి కాగితం ఒక్క పేరుతో ఉంటాయి, ఫాదర్ ఏమీ అడగడు, ఎనిమిదో తేదీన నీ పెళ్ళి, పాప పేరు పెర్పెతువా. నీకు ఎప్పటికీ తెలియదు. నేను పోయాక చెప్పేవాళ్ళు కూడా ఉండరు, కసిల్దా పోయింది, ఫెలీసితాస్ మతిమరుపు మనిషి.

కాగితం కొంగున కట్టుకుని బస్సు దాకా వచ్చాను. మెట్టు మీద కాలు పెట్టాను. అప్పుడు నీ ఉత్తరం గుర్తొచ్చింది, ఆ పాప మొహం చూస్తూ నువ్వు పేరు పెట్టి పిలుస్తున్నావని. ఆరు నెలల పదకొండు రోజుల పిల్ల పేరు అది. ఒకసారి నీ మీద వేశాను. ఇప్పుడు ఇంకో పసిదాని మీదకి పోతోంది, నేను చూస్తూ ఉండగా. బస్సు దిగి వెనక్కి నడిచాను. మకారియో తాళం వేస్తున్నాడు.

"రెండోది కూడా కావాలి," అన్నాను.

"రెండూ ఎందుకమ్మా? పెళ్ళి ఒక్కర్తిదే కదా?"

"ఒక్కర్తిదే. ఇంతకుముందు చెప్పింది పొరపాటు."

కాబట్టి రెండు కాగితాలూ నాలుగు రోజులుగా ఉప్పుజాడీ కింద ఉన్నాయి. ఇందాక మొదటిది తీసి పీట మీద, మీ నాన్న ఫొటో పక్కన పెట్టాను. దాని కాగితం దానికి ఇచ్చేశాను. రెండోది ఈ ఉత్తరంతో పాటు కవర్లో ఉంది. లిబ్రాదా, 1957 జూలై 20. ఫాదర్ రెండు పేర్లేమిటని అడుగుతాడు. ఈ ఉత్తరం ఆయన చేతికివ్వు, చదువుకోనీ. పెళ్ళి వాయిదా పడితే పడనీ, ఆ పాపం నాది. ఆఫీసు కాగితాలు మార్చుకుంటావో లేదో నీ ఇష్టం. ఇరవై అయిదేళ్ళుగా అందరూ ఆ పేరుతో పిలిచారు, అది నీది కాదని అనే హక్కు నాకు లేదు. పాపకి మాత్రం ఆ పేరు వద్దు తల్లీ. ఇదొక్కటే నేను అడిగేది. పంచాంగంలో పధ్నాలుగో తేదీ కింద కలిస్తా అని ఉంది, అందరిలోకీ అందమైనది అని మకారియో అన్నాడు. నచ్చితే పెట్టు. నచ్చకపోతే రామిరో పుస్తకం చూసి, మంచి అర్థం ఉన్నది, ఇంతవరకూ ఎవరూ వాడనిది పెట్టు.

ఈ ఏడు సంతలో మూడు చక్కెర పుర్రెలు కొన్నాను. పెర్పెతువా అని ఉన్నది పీట మీద ఉంది. తినడానికి ఈసారి ఎవరూ రారు, అదే వచ్చి తింటుంది. మిగతా రెండూ బిస్కెట్ల డబ్బాలో మొక్కజొన్న పొత్తుల ఆకులు కూరి పంపుతున్నాను. లారీ డ్రైవరు విసరకుండా ఉంటే ముక్కలవకుండా చేరతాయి. ఒకదాని మీద నీ పేరు ఉంది. నిజంగా నీదే. ముందు దవడ తిను, నుదురు ఆఖరికి దాచుకో. రెండోదాని మీద ఏం రాయాలని సంతలో పుర్రెలమ్మే పిల్ల అడిగితే, "కాగితం అంటించి వదిలెయ్, వాళ్ళమ్మ రాస్తుంది" అన్నాను.

నువ్వు పాపని చూడ్డానికి రమ్మన్నావు. మోకాలు నొప్పని ఏదో సాకు రాద్దామనుకున్నాను. మోకాలు బాగానే నడుస్తుంది. ఇది చదివాక కూడా రమ్మంటే వస్తాను. వద్దంటే నీ మాట న్యాయమే, ఏడవను. ఏడుస్తాను, కాని నిన్ను అనను.

లారీ హారన్ వినబడుతోంది, వంతెన దగ్గరుంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నిన్ను పేరు పెట్టి పిలుస్తున్నాను. ఇక్కడ ఎవరూ లేరు, పైకే అంటూ రాస్తున్నాను.

లిబ్రాదా.

ఉన్నానని రాయి తల్లీ.

ఇట్లు,
ఇన్నాళ్ళకి నోరు తెరిచిన
మీ అమ్మ,
ఎవులాలియా.